పొద్దుటి వ్యాయామం – సమ్మా వాయామ



మనం రోజూ వాడే 'వ్యాయామం' అనే మాట ధమ్మంలోనూ ఉంది. అష్టాంగ మార్గంలో ఆరో అంగం సమ్మా వాయామ. సంస్కృతంలో సమ్యక్ వ్యాయామం. అక్కడ దాని అర్థం ఒంటి కసరత్తు కాదు, సరైన ప్రయత్నం. మనసులో లేని చెడును పుట్టనివ్వకపోవడం, పుట్టిన చెడును వదిలించుకోవడం, లేని మంచిని పుట్టించుకోవడం, ఉన్న మంచిని నిలబెట్టి పెంచుకోవడం. ఈ నాలుగూ కలిస్తే సమ్మా వాయామ. మరి పొద్దున్నే లేచి మనం చేసే వ్యాయామానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

ముందు ఒక అపోహ తీసేసుకుందాం. ఒంటిని పట్టించుకోవడం ధమ్మానికి దూరమైన పని కాదు. బుద్ధుడు ఒళ్లు ఎండగట్టుకునే తపస్సును చేసి చూసి వదిలేసినవాడు. నడకతో వచ్చే లాభాలు ఐదు అని భిక్షువులకు లెక్కపెట్టి చెప్పాడు: దూరం నడిచే ఓపిక, శ్రమకు తట్టుకునే శక్తి, ఆరోగ్యం, తిన్నది అరగడం, నిలకడైన సమాధి. కాబట్టి అలారం పెట్టుకుని లేచే మిమ్మల్ని ధమ్మం తప్పుపట్టదు. లేచాక మనసు ఏం చేస్తోందో మాత్రం చూసుకోమంటుంది.

మీరు అప్పుడప్పుడూ పరుగెత్తే మనిషి అనుకుందాం. ఇంటి దగ్గర గ్రౌండులో మూడు రౌండ్లు, ఓపికుంటే నాలుగు. పందేల్లేవు, పతకాల్లేవు. ఆయాసమొస్తే ఆగుతారు, తగ్గితే మళ్లీ కదులుతారు. ఒకరోజు స్నేహితుడు పిలిస్తే హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద ఐదున్నరకు జరిగే గ్రూప్ ఫిట్‌నెస్ క్లాసుకి వెళ్లారు. హుస్సేన్ సాగర్ మధ్యలో 1992 నుంచి నిలబడి ఉన్న బుద్ధుడు దూరంగా కనిపిస్తున్నాడు. వార్మప్ హాయిగా అయిపోయింది. తర్వాత స్క్వాట్లు, ఆ తర్వాత ప్లాంక్. పరుగుతో కాళ్లు, ఊపిరి గట్టిపడతాయి గానీ చేతులకీ నడుముకీ అంత బలం రాదు కదా! పక్కన అరవై ఏళ్లావిడ నిమిషం పాటు కదలకుండా ఉంటే, మీకు ఇరవై సెకన్లకే చేతులు వణికాయి.

సరిగ్గా అప్పుడే మీ మనసుని చూడండి. 'ఛీ, ఈ పెద్దావిడ పాటి కూడా లేనా' అంటుంది. కాసేపటికి ఎవరో ఆయాసంతో కూలబడితే, 'పర్లేదు, వాడికన్నా నయమే' అంటుంది. ఇంట్లోంచి బయల్దేరినప్పుడు ఈ మాటలు లేవు. పక్కన మనిషి కనబడగానే పుట్టాయి.

దీన్నే పాలీలో 'మాన' అంటారు. మనం అనుకునే పరువు కాదు. కొలమానంలో ఉన్న మానం లాంటిది, అంటే నన్ను ఇంకొకరి పక్కన పెట్టి కొలుచుకునే గుణం. 'నేను ఎక్కువ' అనుకోవడం మానమే. 'నేను తక్కువ' అనుకోవడమూ మానమే. 'నేను సమానం' అనుకోవడాన్ని కూడా బుద్ధుడు ఇందులోనే చేర్చాడు.

ఇక్కడ మనలాంటి వాళ్లకి గుండె కలుక్కుమంటుంది. సమానత్వం కోసమే కదా మన కొట్లాట! అది కూడా మానమేనా?

కాదు. తేడా గమనించండి. కొలిచి తేల్చుకునే సమానం వేరు, కొలవకుండానే ఉన్న సమానత్వం వేరు. 1936లో అచ్చయిన 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ ఈ ప్రశ్నని తప్పించుకోలేదు. ఒంటి బలంలో, పెరిగిన పరిస్థితుల్లో, చేసే ప్రయత్నంలో మనుషులు ఒకేలా ఉండరని ఒప్పుకున్నాడు. అయినా సమాజం నడవాల్సింది సమానత్వం సూత్రం మీదేనని వాదించాడు. ఇరవై సెకన్ల ప్లాంక్ వాడికీ నిమిషం ప్లాంక్ వాడికీ ఓటు ఒక్కటే, గౌరవం ఒక్కటే. దాన్ని ఎవరూ స్క్వాట్లు లెక్కపెట్టి సంపాదించుకోనక్కర్లేదు.

ఇంకో మాట. 'నేను తక్కువ' అనే కొలబద్ద మనలో చాలామంది కొనుక్కున్నది కాదు. బడిలో వెనక బెంచీ దగ్గరే చేతిలో పెట్టి పంపారు. పెట్టింది వాళ్లే అయినా ఇప్పుడు మోస్తున్నది మనం. దాన్ని దించుకోవడం కూడా సమ్మా వాయామే.

దించుకోవడం అంటే ఏం చేయాలి? కొందరు ఆ 'తక్కువ'ని పోగొట్టుకోవాలని మర్నాటి నుంచి ఒళ్లు హూనం చేసుకుంటారు. వారానికే మోకాలు పట్టేస్తుంది, పదో రోజుకి క్లాసు మానేస్తారు. సోణుడి కథ ఇదే. సుకుమారంగా పెరిగిన ధనికుడి కొడుకు భిక్షువై, పాదాలు నెత్తురు కారేదాకా నడిచి, ఫలితం రాలేదని ఇంటికి పోదామనుకున్నాడు. అతనికి వీణ తెలుసు. తీగలు మరీ బిగిస్తే పలుకుతుందా, మరీ వదులైతే పలుకుతుందా అని బుద్ధుడు అడిగాడు. మీ తీగ ఎంత బిగించాలో పక్కావిడ వీణ చూసి తెలియదు. మీ వీణ వింటేనే తెలుస్తుంది.

మరి గుంపులోకి వెళ్లడమే తప్పా? కాదు, గుంపే మందు. ఒంటరిగా పరుగెత్తేటప్పుడు మానం నిద్రపోతుంది, చావదు. నలుగురిలోకి వస్తేనే బయటపడుతుంది, బయటపడితేనే పట్టుకోగలం. శాక్య రాజకుమారులు సంఘంలో చేరడానికి వచ్చినప్పుడు వాళ్ల మంగలి ఉపాలి కూడా వెంట ఉన్నాడు. 'మేము గర్విష్ఠులం, ముందు ఇతనికి దీక్ష ఇవ్వండి, అప్పుడు మేమే ఇతనికి మొక్కాల్సి వస్తుంది' అని వాళ్లే కోరారు. ఆ ఉపాలే తర్వాత రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో వినయాన్ని వినిపించాడు. సంఘం అంటే ముందు వరస, వెనక వరస తిరగబడే చోటు.

ఇప్పుడు మీ క్లాసు చుట్టూ ఒకసారి చూడండి. మీకంటే ముందే వచ్చి రోడ్డు ఊడ్చే కార్మికురాలు అక్కడే ఉంటుంది. మనం ఫీజు కట్టి వంగుతున్నాం, ఆమె జీతం కోసం వంగుతోంది. మన నడుము నొప్పి ఫిట్‌నెస్, ఆమె నడుము నొప్పికి పేరు లేదు. 'మీరూ క్లాసులో చేరండమ్మా' అనడం దయలా ఉంటుంది గానీ, ఆమెకి కావాల్సింది ఇంకో కసరత్తు కాదు. చేతులకి గ్లౌజులు, వారానికో సెలవు, నెల తిరిగేసరికి జీతం. వాడిన పూలు ఊడ్చే సునీతుణ్ణి బుద్ధుడు చూశాడు, పలకరించాడు, సంఘంలో చోటిచ్చాడు. మనం కనీసం చూడటంతో మొదలుపెట్టలేమా?

రేపు పొద్దున క్లాసుకి వెళ్లండి. చేతులు వణికితే వణకనివ్వండి, మోకాళ్లు ఆనించి ఊపిరి తీసుకోండి. పక్కవాళ్ల లెక్క మొదలవగానే 'ఇదిగో మానం' అని మనసులో అనుకుని వదిలేయండి. బాగా చేసినవాళ్లని చూసి సంతోషించండి, ఆ సంతోషానికి ధమ్మంలో ముదిత అని పేరుంది. వెనకబడ్డవాళ్ల పక్కన నిలబడండి. తాగిన నీళ్ల సీసాలు మీరే ఏరుకోండి. ఊడ్చే అమ్మ పేరు అడిగి తెలుసుకోండి. ఆమెకి జీతం ఆగితే, ఆ క్లాసులోని ముప్పై మంది చేత అర్జీ మీద సంతకాలు పెట్టించండి.

ఈ పని చేయడానికి బలమైన కండలు అక్కర్లేదు. వాయామ ఉంటే చాలు.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.