కావడి మోసేవాళ్లకు అన్నం ఎవరు పెడతారు

ఓల్డ్ రాజిందర్ నగర్‌లోని బడా బజార్ మార్గ్‌లో, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద కాసేపు నిలబడితే ఏదో మూల నుంచి తెలుగు వినిపిస్తుంది. కర్నూలు నుంచో కరీంనగర్ నుంచో సివిల్స్ కోసం వచ్చిన పిల్లలు టీ కొట్టు దగ్గర పాత ప్రశ్నపత్రాల గురించి వాదించుకుంటూ ఉంటారు. అక్కడి నుంచి శంకర్ రోడ్డు వెంట కొద్దిసేపు నడిస్తే రిడ్జ్ అడవి వస్తుంది. ఏటా వానాకాలంలో కొన్ని రోజులు ఆ అడవి పక్క రోడ్డుకు నిద్ర ఉండదు. హరిద్వార్‌లో గంగనీళ్లు నింపుకుని బయల్దేరిన కావడివాళ్లు అప్సరా బార్డర్ దగ్గర ఢిల్లీలో అడుగుపెడతారు. షాదరా, సీలంపూర్, కశ్మీరీ గేట్, రాణీ ఝాన్సీ రోడ్డు, ఫైజ్ రోడ్డు దాటుకుని అప్పర్ రిడ్జ్ రోడ్డు ఎక్కుతారు. అప్పటికే రెండొందల కిలోమీటర్లకు పైగా నడిచి ఉంటారు. ఇంకా ధౌలా కువా, గుడ్‌గావ్, ఆపైన హర్యానా, రాజస్థాన్ పల్లెల దాకా నడవాల్సిన వాళ్లున్నారు.

తెలుగు పిల్లలకు ఇక్కడ ఒక చిన్న చిక్కు. ఢిల్లీవాళ్లు సావన్ అంటారు కానీ ఇంటి నుంచి తెచ్చుకున్న క్యాలెండర్‌లో అది ఇంకా ఆషాఢమే. ఉత్తరాదిన నెల పున్నమితో ముగుస్తుంది, మనకు అమావాస్యతో. కావడివాళ్లు శివుడికి నీళ్లు పోసే సావన్ శివరాత్రి మన లెక్కలో ఆషాఢ బహుళ చతుర్దశి. హైదరాబాద్‌లో బోనాలు ఎత్తే రోజుల్లోనే ఇక్కడ కావళ్లు ఎత్తుతారు.

కావడికి నియమాలు కఠినం. అది నేల తాకకూడదు. తినాలన్నా, కునుకు తీయాలన్నా ముందు దాన్ని వెదురు దండేనికి తగిలించాలి, లేదా తోటివాడి భుజం మీదికి మార్చాలి. కాలకృత్యాలకు వెళితే స్నానం చేశాకే మళ్లీ ముట్టుకోవాలి. ఖడీ కావడి అయితే దండేనికి కూడా తగిలించరు. ఒకడు పడుకుంటే ఇంకొకడు దాన్ని మోస్తూ నిలబడే ఉండాలి. డాక్ కావడివాళ్లు ఆగకుండా పరుగెత్తుతారు. చాలామందికి చెప్పులుండవు. మూడోరోజుకల్లా అరికాళ్లు బొబ్బలెక్కుతాయి, నాలుగోరోజుకు అవి చితుకుతాయి. తెల్లవారుజామున చల్లపూట నడిచి, ఎండెక్కాక శిబిరంలో పడుకుని, పొద్దువాలాక మళ్లీ లేచి నడుస్తారు.

ఆ శిబిరంలోకి ఒక్కసారి తొంగిచూడాలి. షామియానా, పరుపుల వరస, కూలర్లు, ఒక పక్క రంగు కాగితాలు అంటించిన కావళ్లు వేలాడే దండెం. పెద్ద గిన్నెల్లో పూరీ కూర, కఢీ అన్నం, హల్వా. నట్టింట్లో కూర్చున్నట్టు కాళ్లు చాపుకుని కూర్చున్నవాడి ముందు, ఊరూ పేరూ తెలియని మనిషి ఒకడు గొంతుక్కూర్చుని వాడి అరికాలికి మందు రాస్తుంటాడు. రాసేవాడి పొద్దంతా దుకాణంలో గల్లాపెట్టె ముందు గడిచి ఉండవచ్చు. రాయించుకునేవాడు తన ఊళ్లో ఇంకొకరి చేత కాళ్లు ముట్టించుకుని ఎరగడు. సిగ్గుతో కాలు వెనక్కి లాక్కోబోతే పట్టుకుని మళ్లీ ముందుకు లాగుతాడు. ఒకరినొకరు ‘భోలే’ అంటారు. దారి పొడవునా అందరికీ అదే పేరు.

ఈ దృశ్యంలోనే ఒక ధర్మసూక్ష్మం ఉంది. ఆషాఢ పున్నమి, అంటే గురుపూర్ణిమ నాడు సన్యాసులు చాతుర్మాస్యం పడతారు. ఏడాదంతా తిరిగే పరివ్రాజకుడు ఆనాటి నుంచి ఒకచోట కుదురుగా కూర్చుంటాడు. సరిగ్గా ఆ మర్నాడే ఉత్తరాది సావన్ మొదలై గృహస్థులు రోడ్డెక్కుతారు. 2024లో గురుపూర్ణిమ జూలై 21న, సావన్ మొదలైంది జూలై 22న. నడిచేవాడు ఆగుతాడు, ఆగి ఉన్నవాడు నడుస్తాడు. గృహస్థుకు శాస్త్రం చెప్పిన పని అన్నం పెట్టడం. బ్రహ్మచారికీ వానప్రస్థుడికీ సన్యాసికీ అతడి పొయ్యే ఆధారం. అలాంటివాడు పది పన్నెండు రోజులు పొయ్యి వదిలేసి ఇతరుల పొయ్యి మీద బతుకుతాడు. పెట్టడం ధర్మమని అందరూ చెప్పారు. మరి చెయ్యి చాచి పుచ్చుకోవడం కూడా ధర్మమేనా?

ధర్మమే. దూరపు నడకలో మనిషికి దొరికే అసలు శిక్షణ అదేనని కూడా చెప్పవచ్చు. కాళ్ల నొప్పి ఓర్చుకోవడం గొప్పే, కానీ పందెంలో పరుగెత్తేవాడూ ఓర్చుకుంటాడు. తన డబ్బు, తన కులం, తన ఊళ్లో తన పరపతి ఏవీ పనికిరాని చోట, ఎవరో పెట్టింది తిని కృతజ్ఞతగా లేవడం అంతకంటే కష్టం. గుడితో సంబంధం లేని నడకల్లోనూ ఇది కనిపిస్తుంది. 1955లో ఎమా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల అమెరికన్ స్త్రీ అపలాచియన్ ట్రెయిల్‌ను ఒంటరిగా ఒకే ఏడాదిలో నడిచేసింది. అప్పటి కొలత ప్రకారం అది సుమారు 3,300 కిలోమీటర్లు. గుడారం లేదు. భుజాన తాను కుట్టుకున్న గుడ్డసంచి, కాళ్లకు మామూలు కాన్వాస్ బూట్లు. దారిలో కొన్ని రాత్రులు తెలియని ఇళ్ల తలుపులు తట్టింది. కొందరు తెరిచారు, కొందరు తెరవలేదు. ఆ దారిలో నడిచేవాళ్లు ఇప్పటికీ అసలు పేరు పక్కనపెట్టి దారిపేరు ఒకటి పెట్టుకుంటారు. దారి పక్కన తిండి పెట్టి వెళ్లే అపరిచితులను దేవదూతలని పిలుచుకుంటారు.

పేరు అంటే గుర్తొచ్చే సంగతి మరొకటి ఉంది. 2024 జూలైలో ముందు ముజఫర్‌నగర్ పోలీసులు, ఆ వెంటనే ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం, కావడి దారిలో తిండి అమ్మే ప్రతి దుకాణం ముందూ యజమాని పేరు రాయాలని ఆదేశించారు. యాత్ర మొదలైన రోజే, జూలై 22న, సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. ఏ రకం తిండి అమ్ముతున్నారో తెలిపితే చాలు, పేర్లు రాయమని బలవంతపెట్టవద్దంది. జస్టిస్ హృషీకేశ్ రాయ్‌తో పాటు ఆ ధర్మాసనంలో కూర్చున్నది మదనపల్లెలో పుట్టిన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి. ఆయన అంతకుముందు కేరళ హైకోర్టులో ఉన్నారు. అక్కడి ఒక ఊళ్లో హిందువు నడిపే శాకాహార హోటలూ ముస్లిం నడిపే శాకాహార హోటలూ ఉండేవనీ, శుభ్రత చూసి తాను ముస్లిం నడిపే హోటల్‌కే వెళ్లేవాణ్ననీ కోర్టులోనే చెప్పారు. మరుసటి ఏడు క్యూఆర్ కోడ్‌ల రూపంలో ఆ వివాదం మళ్లీ వచ్చినప్పుడు, చట్టప్రకారం పెట్టాల్సిన లైసెన్సు పత్రాలు దుకాణాలు పెట్టాలని చెప్పి కోర్టు ముగించింది.

చట్టం సంగతి అది. భక్తి సంగతి వేరు. కావడి ఎత్తినవాడు తన పేరే వదిలేసి భోలే అయ్యాడు. అలాంటివాడు అన్నం పెట్టే చేతిని పేరడగడం ఎలా కుదురుతుంది? మడి, ఆచారం ఉన్నవాళ్లు ఏం తింటున్నామో అడగడం న్యాయమే. ఉల్లి, వెల్లుల్లి లేని వంట కావాలనుకోవడమూ న్యాయమే. ఎవరు వండారని అడిగిన క్షణాన మాత్రం కావడి దించకుండానే నేల తాకినట్టు. దారి కోసం వదిలేసి వచ్చిన ఊరి గోడలను దారిలోనే మళ్లీ కట్టుకున్నట్టు.

ఈ మాటకు ఢిల్లీలోనే ఒక సాక్ష్యం ఉంది. 1962 జూన్‌లో సతీశ్ కుమార్, ఇ.పి. మేనన్ అనే ఇద్దరు యువకులు అణ్వాయుధాలు వద్దని చెప్పడానికి రాజ్‌ఘాట్ నుంచి కాలినడకన బయల్దేరారు. మాస్కో, పారిస్, లండన్, వాషింగ్టన్ వాళ్ల గమ్యాలు. వినోబా భావే వాళ్లను దీవించి ఒక షరతు పెట్టాడు, జేబులో పైసా ఉండకూడదని. తెలుగువాళ్లకు వినోబా పోచంపల్లి ద్వారా తెలుసు. 1951 ఏప్రిల్‌లో అక్కడ వెదిరె రామచంద్రారెడ్డి ఇచ్చిన నూరెకరాలతో భూదానం మొదలైంది. అదే ఏడు వినోబా పవనార్ నుంచి ఢిల్లీకి నడిచే వచ్చాడు. ఊరూరా పుచ్చుకుంటూ నడవడం ఎంత కష్టమో తెలిసినవాడు పెట్టిన షరతు అది. ఆ ఇద్దరూ పాకిస్తాన్ సరిహద్దు దాటబోతుంటే మిత్రులు తిండి పొట్లాలు తెచ్చి ఇచ్చారు. పరాయి దేశం, ఏం పెడతారో ఏమో అని. సతీశ్ కుమార్ వద్దన్నాడు. అవి పట్టుకెళ్తే అపనమ్మకాన్ని మూటగట్టుకుని వెళ్లినట్టేనన్నాడు. సరిహద్దు దాటాక లాహోర్‌లో వాళ్లకు ఆతిథ్యం దొరికింది.

ఆ సరిహద్దునే పదిహేనేళ్ల ముందు అటు నుంచి ఇటు దాటినవాళ్ల కోసం కట్టిన కాలనీ రాజిందర్ నగర్. బాబూ రాజేంద్ర ప్రసాద్ పేరు పెట్టారు. పశ్చిమ పంజాబ్ నుంచి కొందరు రైళ్లలో, కొందరు లారీల్లో, ఇంకెందరో మైళ్ల పొడవున్న కాఫిలాల్లో నడిచి వచ్చారు. పక్కనే ఉన్న సర్ గంగారామ్ ఆసుపత్రి కథా అదే. 1921లో లాహోర్‌లో మొదలైంది, 1954లో ఢిల్లీలో మళ్లీ తెరుచుకుంది. కాఫిలాలో నడిచినవాడికి పుణ్యం ఆశ లేదు, సంకల్పం లేదు. ఆకలి మాత్రం అదే ఆకలి, అరికాలి బొబ్బలు అవే బొబ్బలు. యాత్రికుడికీ శరణార్థికీ తేడా సంకల్పంలోనే. అన్నం పెట్టేవాడి వైపు నుంచి చూస్తే ఏ తేడా లేదు.

పుచ్చుకోవడానికి హద్దు కూడా ఉంది. రిడ్జ్‌కు అవతలి వైపు, సర్దార్ పటేల్ మార్గ్ మొదట్లో గ్యారహ్ మూర్తి ఉంది. గాంధీ ముందు, వెనక పదిమంది. మద్రాసు చిత్రకళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన దేవీప్రసాద్ రాయ్‌చౌధురి రూపం ఇచ్చిన దండి యాత్ర శిల్పం అది. 1930 మార్చి 12న బయల్దేరిన ఆ యాత్ర మార్చి చివర భట్‌గామ్ చేరింది. సూరత్ నుంచి లారీలో పాలూ కూరగాయలూ వస్తున్నాయని, రాత్రి నడకకు ఒక కూలీ నెత్తిన దీపం మోయిస్తున్నారని గాంధీకి తెలిసింది. అక్కడి సభలోనే తనతో సహా అందర్నీ నిలదీశాడు. పేదవాడి బతుకు కోసం నడిచేవాళ్లు పేదవాడి భుజం మీద భారం కాకూడదన్నది ఆయన బాధ. చెవులు పగిలే డీజేలు, దారి ఇవ్వలేదని కారు అద్దాలు పగలగొట్టే గుంపులు కావడి యాత్రకు తెచ్చిన చెడ్డపేరును ఈ శిల్పం ముందు నిలబెట్టి చూడాలి. అతిథి హక్కుదారుగా మారిన చోట భిక్ష సుంకమైపోతుంది. లక్షలమంది ఒద్దికగా నడుస్తున్నారన్నది ఎంత నిజమో, అది కూడా అంతే నిజం.

మన వైపు శ్రీశైలం దారి ఉంది. ఉగాదికి కన్నడ భక్తులు వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. వెంకటాపురం దాటి నల్లమలలో నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం ఎక్కుతారు. కొందరు మరకాళ్ల మీదే నడుస్తారు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు అని చీర సారె తెస్తారు. ఎండాకాలపు అడవి, గుక్కెడు నీళ్లు కూడా ఎవరో ఒకరు తెచ్చిపెట్టాల్సిందే. ఆ నీళ్లు పోసే తెలుగువాడికి కన్నడం రాదు, తాగేవాడికి తెలుగు రాదు. పూర్వం ఆ అడవిలో దారి చూపింది చెంచులు. కులం, గోత్రం అడిగే వీలులేని దారి అది.

ఇదంతా రాజిందర్ నగర్ పిల్లలకు దూరం కాదు. పూర్వం తెలుగునాట పేద విద్యార్థి వారాలు చేసుకుని చదువుకునేవాడు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం మరొకరింట్లో భోజనం. పుచ్చుకునే ఆ చదువులో అవమానాలు ఉండేవి, ఆప్యాయతా ఉండేది. కులం గీతలూ ఉండేవి. ఇప్పుడు గదికి అద్దె, భోజనం డబ్బాకు నెల చెల్లింపు, చదువుకోవడానికి లైబ్రరీ సీటుకు వేరే డబ్బు. అంతా కొన్నదే. ఇంటి భోజనం మీద గాలి మళ్లితే అశోకా రోడ్డులో ఆంధ్రాభవన్ క్యాంటీన్ ఉంది. సంవత్సరాల తరబడి ఒకే గల్లీలో ఉన్నా ఇంటివాళ్లకు ఆ కుర్రాడు కిరాయిదారే. 2024 జూలై 27న, అదే సావన్‌లో, ఈ కాలనీలోని ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్ లైబ్రరీలోకి వాన నీళ్లు ముంచెత్తి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. వాళ్లలో ఒకమ్మాయి కుటుంబం తెలంగాణలో ఉంటుంది. ఆ రోజుల్లో విద్యార్థులు రోడ్డు మీదే కూర్చున్నారు. వాళ్లు అడిగినవాటిలో సెల్లార్ల మీద చర్యలతో పాటు గదుల అద్దెల సంగతీ ఉంది. ఊరు వదిలి వచ్చిన పిల్లలను ఒక కాలనీ అతిథులుగా చూడాలా, ఆదాయంగానా అన్నది ఆ అద్దెల ప్రశ్నలో ఉంది. కావడివాడికి పరుపు వేసి, కాళ్లకు మందు రాసే నగరానికి అతిథిని చూసుకోవడం చేతకాదని ఎవరూ అనలేరు.

గోదావరి లంకల్లో ఒక ఇల్లాలు ఉండేది. డొక్కా సీతమ్మ, 1841లో పుట్టి 1909లో పోయింది. లంకల గన్నవరంలో ఏటిదారిన పోయేవాళ్లకు వేళాపాళా లేకుండా, కులం అడగకుండా వండిపెట్టింది. ఇవాళ వైనతేయ పాయ మీది అక్విడక్టుకు ఆమె పేరే. ఆమె గురించి కోనసీమలో ఒక సంగతి చెప్పుకుంటారు. ఎన్నాళ్లుగానో అనుకుని, చివరికి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరింది. దారిలో ఆగినచోట ఒక పెళ్లివారి గుంపు కనబడింది. ఆకలని ఏడుస్తున్న పిల్లలను పెద్దవాళ్లు సముదాయిస్తున్నారు, ఇంకాసేపు ఓర్చుకోండి, సీతమ్మగారి ఇల్లు వచ్చేస్తుందని. ఆ మాట ఆమె చెవిన పడింది. బోయీలతో పల్లకీ వెనక్కి తిప్పించింది. పెళ్లివారు గన్నవరం చేరేసరికి పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది.