నాలుగు మూరల తీగ

ఆదివారం పొద్దున, ఇల్లు తుడిచిన తడి ఇంకా ఆరకముందే, హాల్లో గోడవార ఉన్న స్టీరియో సెట్టు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంటాను. నాన్న ఎనభైల్లో కొన్న సెట్టు అది. వెడల్పాటి ఆంప్లిఫయరు, ముందువైపు వెండిరంగు పలక, అరచెయ్యి నిండే వాల్యూం నాబు, అటొకటి ఇటొకటి స్పీకరు బాక్సులు. నా జేబులో ఉన్నదేమో పేకకట్ట పాటి మ్యూజిక్ ప్లేయరు. వారమంతా బస్సులో, ఆఫీసు దారిలో, నా రెండు చెవులకే పాడింది. ఈ రెండింటి మధ్య నాలుగు మూరల తీగ వేస్తే చాలు, జేబులోని పాట ఇంటిదైపోతుంది. ఎన్ని వందల ఆదివారాలు ఈ పని చేశానో! ఒక్కసారి కూడా మామూలుగా అనిపించలేదు.

మల్లెపూలు మూరల్లో కొనే ఊళ్లో పుట్టినవాణ్ణి. ఈ తీగనూ మూరల్లోనే కొలుచుకుంటాను. పూలదండ లాగే ఇదీ ఒకరు తెస్తే పదిమందికి అందుతుంది.

తీగ చివర ఉన్న పిన్నును ఒకసారి వెలుతురుకు పట్టుకుని చూడండి. లావు మూడున్నర మిల్లీమీటర్లు. కొస గుండ్రంగా, దాని కింద సన్నటి మెడ, ఆ కింద బంగారు పూత మెరిసే ఒళ్లు. ఒంటి మీద రెండు నల్లగీతలు, కాలికి కట్టిన దిష్టితాడులా. ఆ గీతలు అందానికి పెట్టినవి కావు. లోహాన్ని మూడు భాగాలుగా విడగొట్టి, ఒకదాని కరెంటు ఇంకొకదానికి తగలకుండా కాపలా కాస్తాయి. కొస ఎడమ చెవిది, నడిమి వలయం కుడి చెవిది, అడుగు భాగం ఇద్దరికీ ఉమ్మడి. ఒకే ఇంట్లో రెండు గదులూ ఒక నడవా ఉన్నట్టు, ఒకే పుల్ల మీద రెండు చెవుల పాటా ఒకదానితో ఒకటి కలవకుండా కాపురం చేస్తుంది.

ఈ పిన్నుకు ఓ పెద్ద వంశం ఉంది. అమెరికాలో న్యూ హేవెన్ పట్నంలో 1878లో మొదటి వాణిజ్య టెలిఫోన్ ఎక్స్చేంజి మొదలైంది. ఆ తర్వాతి కాలంలో అలాంటి ఎక్స్చేంజిల్లో బోర్డుల ముందు కూర్చున్న ఆపరేటరమ్మల చేతుల్లో పెరిగింది దీని ముత్తవ్వ, పావంగుళం లావున. ఎవరు ఎవరితో మాట్లాడాలో కనుక్కుని, ఒక తీగ తీసి ఫలానా రంధ్రంలో గుచ్చితే రెండు గొంతులు కలిసేవి. మన దగ్గరా ట్రంకాల్ బుక్ చేసుకుని గంటల తరబడి కాచుకున్న రోజుల్లో, ఊరికీ ఊరికీ మధ్య మాట కలిపింది ఈ కుటుంబమే. ట్రాన్సిస్టర్ రేడియోలు వచ్చాక అది చిక్కి చిక్కి మూడున్నర మిల్లీమీటర్లయింది. పాత స్టీరియోల ముందువైపు హెడ్‌ఫోను రంధ్రంలో ముత్తవ్వ కొలత ఇప్పటికీ కనిపిస్తుంది.

తీగ రెండో కొస రెండుగా చీలుతుంది. ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. 1930లలో ఆర్‌సీఏ కంపెనీ తన సెట్లలో వాడిన ఈ మొగ్గలాంటి ప్లగ్గు ఇప్పటికీ ఆ కంపెనీ పేరుతోనే చెలామణీ అవుతోంది. హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి మొదటిసారి ఈ తీగ కొన్నప్పుడు కొట్లో పెద్దాయన దాన్ని చుట్ట చుట్టి చేతిలో పెడుతూ, "రెడ్డంటే రైటు. రెండిట్లోనూ ర ఉంది చూడు బాబూ, ఇక మర్చిపోవు" అన్నాడు. మర్చిపోలేదు. మర్చిపోయి తారుమారు చేస్తే పాట ఆగదు గాని, కచేరీలో ఎడమవైపు కూర్చున్న వయొలిన్ కుడివైపుకు వెళ్లి కూర్చుంటుంది.

ఇక ఆంప్లిఫయరు వెనక్కి వెళదాం. టార్చి వేసి వంగితే అక్కడ దుమ్ము కింద వరసగా అక్షరాలు కనిపిస్తాయి. ఫోనో, ట్యూనర్, టేప్, ఆక్స్. ఫోనో అన్నది రికార్డు ప్లేయరుకు కేటాయించిన చోటు. రికార్డు ముల్లు ఇచ్చే కరెంటు వోల్టులో నాలుగైదు వెయ్యోవంతులే. అంత బలహీనమైన గొంతును పైకి లేపడానికి అక్కడ ప్రత్యేకంగా బలం పోస్తారు. బలంగా పలికే ప్లేయరును తెచ్చి అక్కడ గుచ్చితే పాట చిరిగిపోతుంది. మనకు కావలసింది ఆక్స్. ఇది ఎవరి పేరునా రాసి లేదు. ట్యూనరుకు రేడియో వస్తుందని తెలుసు, టేపుకు క్యాసెట్టు వస్తుందని తెలుసు. ఆక్సుకు ఎవరు వస్తారో ఆ సెట్టు చేసినవాళ్లకే తెలియదు. అయినా ఒక చోటు ఖాళీగా ఉంచారు.

పాతకాలం ఇళ్లకు వీధి అరుగు ఉండేది. పేరూ ఊరూ అడగకుండా ఏ బాటసారైనా కాసేపు కూర్చోవచ్చు. తిథి చెప్పకుండా వచ్చేవాడు కాబట్టే అతిథి అన్నారు మనవాళ్లు. ఆక్స్ ఆ అరుగు. నాన్న ఈ సెట్టు కొన్ననాటికి ఎంపీత్రీ అన్న మాట లేదు. ఐపాడ్ 2001 అక్టోబరులో వచ్చింది, అయిదు గిగాబైట్లలో వెయ్యి పాటలు పెట్టుకుని. క్యాసెట్టుకు పన్నెండు పాటల లెక్కన ఎనభైకి పైగా క్యాసెట్లు, మా ఇంటి అలమరలో రెండు అరలు. ఆ అరల్ని జేబులో వేసుకుని ఇన్నేళ్ల తర్వాత తలుపు తట్టిన చుట్టాన్ని ఈ ముసలి సెట్టు నువ్వెవరని అడగలేదు. జరిగి చోటిచ్చింది. మనిషి చేసిన వస్తువుల్లో ఇంత సంస్కారం ఉన్నవి నేను ఎక్కువ చూడలేదు.

కలపడానికి ఒక పద్ధతి ఉంది. నాకది పూజకు ముందు ఆచమనం లాంటిది. మొదట నాబును సున్నాకు తిప్పాలి. అలా తిప్పకుండా పిన్ను గుచ్చితే లోపల ఒక్కో వలయం రాసుకుంటూ పోయి బాక్సుల్లో ధబ్బుమంటుంది. ఆ దెబ్బ స్పీకరుకు మంచిది కాదు. ఎరుపు, తెలుపు ఆక్సులో పెట్టాక ప్లేయరులో పిన్ను గుచ్చాలి. క్లిక్కుమని చిన్న శబ్దం వినబడుతుంది, లోపలి స్ప్రింగు వచ్చి పిన్ను మెడను పట్టుకున్నప్పుడు. ప్లేయరు గొంతును ముప్పావు దాకా పెంచి, ఆ తర్వాత పెద్ద నాబును మెల్లగా, బావిలోంచి బొక్కెన తోడినట్టు, పైకి తిప్పాలి. ఎక్కడో అడుగున హుమ్మని మోత వినిపిస్తే కంగారు పడక్కర్లేదు. మన ఇళ్ల కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగుతుంది. ప్లేయరును చార్జరుకు తగిలించి ఉంచితే ఆ ఊపు ఎర్తు తీగ దారిన పాటలోకి దొంగలా చొరబడుతుంది. చార్జరు పీకేస్తే చాలు. మోత చప్పున తెగిపోతుంది. గాలి ఆగిన చెరువులా గది అంతా నిశ్శబ్దం పరుచుకుంటుంది. పాట అందులోకి దిగుతుంది.

ఆ దిగడం వెనక ఎంత ప్రయాణం! ప్లేయరులో పాట లేదు, అంకెలున్నాయి. సీడీ కొలతలో చెప్పాలంటే ఒక్కో చెవికి సెకనుకు 44,100 అంకెలు. వాటిని చిన్న చిప్పు ఒకటి సన్నటి కరెంటు అలగా మారుస్తుంది. ఆ అల బలం వోల్టు లోపే. టార్చిలైటులో వేసే సెల్లు ఒకటి ఇచ్చేదే ఒకటిన్నర వోల్టు. అంత లేత అల తీగ మీద నడిచొచ్చి ఆంప్లిఫయరు గడప తొక్కితే, గోడలోని కరెంటంతా లేచి నిలబడి దాని అడుగులో అడుగు వేస్తుంది. బాక్సులో అయస్కాంతం నడుమ వేలాడే తీగచుట్ట ఆ అడుగులకు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దానికి అతికించిన అట్టగరాటె గాలిని నెడుతుంది. పెద్ద స్పీకరు అంచున వేలికొస ఆనించి చూడండి. మృదంగం మీద ఎడమ చెయ్యి పడిన ప్రతిసారీ ఆ దెబ్బ మీ వేలికి తగులుతుంది. ఎప్పుడో ఎక్కడో వాయించిన ఆ చెయ్యి ఇప్పుడు మిమ్మల్ని తాకుతోంది.

ఇంకొక్క సంగతి నన్ను ప్రతిసారీ నిలబెట్టేస్తుంది. సెకనును వందకోట్ల ముక్కలు చేస్తే, నాలుగు మూరల తీగ దాటడానికి పాటకు పట్టేది అందులో తొమ్మిదో పదో ముక్కలు. బాక్సు నుంచి నా కుర్చీ మూడు మీటర్ల దూరం. ఆ గాలి దాటడానికి మాత్రం దాదాపు పదిలక్షల రెట్లు ఎక్కువ కాలం తీసుకుంటుంది. అంత వేగంగా వచ్చినది చివరి మూడు మీటర్లూ నెమ్మదిస్తుంది, గుమ్మం దాకా పరుగున వచ్చి చెప్పులు విప్పి లోపలికి నడిచే మనిషిలా.

ఇయర్‌ఫోన్లలో విన్నప్పుడు గాయకుడు మన తలలోపలే పాడతాడు. కళ్లు మూసుకుంటే రెండు చెవుల మధ్యన, నుదుటి వెనక ఉన్నట్టుంటాడు. బాక్సులకు కలిపిన క్షణాన ఆయన తలలోంచి బయటికొచ్చి ఎదురుగా నిలబడతాడు. అదీ ఎక్కడ? రెండు బాక్సుల నట్టనడుమ, ఏమీ లేని చోట. ఘంటసాల యాభైల్లో పాడిన సినిమా పాటలు మోనోలో రికార్డయినవి. అంటే రెండు బాక్సులకూ ఒకే పాట సమంగా అందుతుంది. సమంగా అందింది కనుక మనసు ఆ గొంతును మధ్యనున్న ఖాళీ గోడ దగ్గర నిలబెడుతుంది. అక్కడ మా ఇంట్లో ఉన్నది ఒక క్యాలెండరు మాత్రమే. ఆ క్యాలెండరు దగ్గర నిలబడి, 1974లో వెళ్లిపోయిన ఘంటసాల ఊపిరి తీసుకోవడం నేను విన్నాను. రెండు దారుల్లో ధ్వనిని పంపి మనసుకు చోటు చూపించవచ్చని 1931లో పేటెంటు దాఖలు చేసిన ఆలన్ బ్లమ్లీన్‌కు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. ఇళ్లల్లో స్టీరియో రికార్డులు మోగడం చూడకుండానే 1942లో విమానప్రమాదంలో పోయాడు. ఏ ఇంట్లో ఏ గొంతు అలా నట్టనడుమ నిలబడినా, ఆయనకు ఒక నమస్కారం బాకీ ఉన్నట్టే.

1979 జులైలో జపాన్‌లో మొదటి వాక్‌మన్ అమ్మకానికి వచ్చినప్పుడు దానికి హెడ్‌ఫోను రంధ్రాలు రెండుండేవి. పక్కనున్నవాళ్లను వదిలేసి ఒక్కరే పాట వినడం మర్యాద కాదేమోనని సోనీ పెద్ద అకియో మొరీటాకు అనిపించిందట. జేబు సంగీతం పుట్టిన రోజునే దాన్ని కన్నవాళ్ల మనసులో ఆ బెంగ ఉంది. తర్వాత రెండో రంధ్రం పోయింది. చెవులు మూసుకుని వినడం అందరికీ అలవాటయింది. నాకూ ఆ ఏకాంతం ఇష్టమే. బస్సు కిటికీ దగ్గర అది ఎన్ని బరువులు దించిందో నాకు తెలుసు. కానీ ఆ మొదటి బెంగకు జవాబు ఈ తీగలో ఉంది. రెండో రంధ్రం పోయినా, ఉన్న ఒక్క రంధ్రంలోంచే ఇల్లంతా వినేలా చెయ్యొచ్చు.

ఓ ఆదివారం అలాగే కలిపి, వారమంతా నాలో నేను వింటున్న పాత పాట ఒకటి పెట్టాను. అది నేను వెతికి పట్టుకున్నదని, నాదేనని అనుకున్నాను. వంటింట్లో తిరగమోత చిటపటలు ఆగాయి. అమ్మ గరిట చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇది నీకెక్కడ దొరికిందిరా?"

నేను జవాబు చెప్పేలోపే రెండో చరణం వచ్చింది. గాయని ఎత్తుకోవడానికి అరక్షణం ముందే అమ్మ ఎత్తుకుంది. ఒక్క అక్షరం తడబడలేదు. నేను పుట్టకముందు నుంచీ ఆ పాట ఆమె దగ్గరే ఉంది. ఇయర్‌ఫోన్లలో నేను వింటున్నన్నాళ్లూ ఆమె పది అడుగుల దూరంలో కూర పోపు వేస్తూనే ఉంది, మాకిద్దరికీ తెలియకుండా.

క్యాలెండరు దగ్గర గాయని, గుమ్మంలో అమ్మ. నాబును మరి కాస్త పైకి తిప్పాను.