ఒక్క రాత్రి అతిథి

పామిడి దగ్గర పెన్న దాటడానికి ఏడాదిలో ఎక్కువ నెలలు పడవ అక్కరలేదు. ఇసుకలో నడిచి అవతలి గట్టుకు చేరుకోవచ్చు. అలాంటి ఊరి వాళ్ళకు సముద్రం మధ్యనున్న ద్వీపం గురించి చెప్పడం ఎందుకని మీరు అడగవచ్చు. ఆ ద్వీపంలో తాగడానికి నీళ్ళు లేవు. వెళ్ళేవాళ్ళు నీళ్ళు మోసుకుని వెళ్ళాలి. బిందె మోయడం తెలిసిన మనకు అలాంటి చోటు మరీ పరాయిది కాదు.

ఆ ద్వీపం పేరు కచ్చతీవు. రామేశ్వరానికీ, శ్రీలంకకు చెందిన నెడుంతీవుకూ నడుమ పాక్ జలసంధిలో ఉంది. మొత్తం 285 ఎకరాలు. అక్కడ ఊరు లేదు, అంగడి లేదు, బావి లేదు. ఉన్నదల్లా పాదువాపురి పునీత అంతోనివారి దేవాలయం. 20వ శతాబ్దం మొదట్లో జాలరుల కోసం వెలసిన చిన్న గుడి అది. దాని దగ్గరే కొత్త దేవాలయం కట్టి 2016 డిసెంబరులో ప్రతిష్ఠించారు. అది యాఫ్నా మేత్రాసనం కిందికి వస్తుంది.

ఏటా ఫిబ్రవరిలోనో మార్చిలోనో అక్కడ రెండు రోజుల పండుగ జరుగుతుంది. రామేశ్వరం నుంచి మరపడవల్లో, నాటు పడవల్లో విశ్వాసులు బయలుదేరుతారు. యాఫ్నా వైపు నుంచి కూడా పడవలు వస్తాయి. మొదటి రోజు జెండా ఎగరేస్తారు, సిలువమార్గం చేస్తారు, సాయంత్రం పునీతుని తేరు ఊరేగిస్తారు. రాత్రికి గుడారాల కిందా, ఆరుబయటా చాపలు పరుచుకుని పడుకుంటారు. మరునాడు ఉదయం దివ్యబలిపూజ ముగియగానే మూటలు కట్టుకుని పడవలెక్కుతారు. వెంట తెచ్చుకున్న నీళ్ళు, శ్రీలంక నౌకాదళం ఏర్పాటు చేసే నీళ్ళు తప్ప అక్కడ మరో చుక్క దొరకదు.

1974 జూన్‌లో రెండు ప్రభుత్వాలూ కుదుర్చుకున్న ఒప్పందంతో ఆ ద్వీపం శ్రీలంక పాలయింది. అయినా మన యాత్రికులు వీసా లేకుండా వెళ్ళి రావచ్చునని ఆ ఒప్పందంలోనే రాసుకున్నారు. 1983 నుంచి 2009 దాకా శ్రీలంకలో సాగిన యుద్ధం మూలంగా పండుగ చాలా ఏళ్ళు ఆగిపోయింది. యుద్ధం ముగిశాక మళ్ళీ మొదలైంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఒక్క రాత్రి ఉండి పొద్దున్నే వెళ్ళిపోయేవాడికి ఆ చోటి పట్ల ఏమైనా బాధ్యత ఉందా? ఆ నేల అతనిది కాదు. రేపు అతను అక్కడ ఉండడు. అడిగే ఇంటివాడు లేడు, చూసే పొరుగువాడు లేడు. తిన్న ఆకు అక్కడే పారేసినా, పక్క చాప మీది ముసలమ్మకు గుక్కెడు నీళ్ళు ఇవ్వకపోయినా అతన్ని నిలదీసేవారెవరు? సత్రంలో బస చేసినవాడు గోడకు సున్నం వేస్తాడా అని మనలో చాలామందిమి అనుకుంటాం. ఉండేవాడికే బాధ్యత, పోయేవాడికి కాదు అన్నది లోకంలో చెల్లుబాటయ్యే మాట.

పరిశుద్ధ గ్రంథం ఈ మాటను ఒప్పుకోదు. అపోస్తలుల కార్యముల చివరి అధ్యాయాలు తెరచి చూడండి. ఓడ బద్దలై 276 మంది ప్రాణాలతో మాల్టా ద్వీపం ఒడ్డున పడ్డారు. వాన కురుస్తోంది, చలి వేస్తోంది. ముక్కూ మొహం తెలియని ద్వీపవాసులు మంట వేసి వాళ్ళందరినీ చేరదీశారు. ఆ వచ్చినవాళ్ళలో పునీత పౌలుగారు ఉన్నారు. సముద్రంలో తడిసి, ఖైదీగా రోముకు పోతున్న మనిషి. కాళ్ళు చాపుకుని మంట ముందు కూర్చున్నా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. అయితే ఆయన కట్టెలు ఏరి తెచ్చి మంటలో వేస్తున్నాడు. పాము కాటు జరిగింది అప్పుడే. మనకు పామే గుర్తుంటుంది. కట్టెల మోపును మరచిపోతాం. అతిథి కూడా మంటకు కట్టె తేవాలని ఆ మోపు మనకు చెబుతోంది. ఆ తర్వాత అక్కడున్న మూడు నెలల్లో ఆయన ఆ ద్వీపంలోని రోగులకు స్వస్థత కూడా చేకూర్చాడు.

ఇందుకు దూరదేశం పోనక్కరలేదు. మన పల్లెల్లో పంట కోసిన పొలాల్లో రాత్రిపూట గొర్రెల మంద నిలపడం మీరు చూసే ఉంటారు. కాపరి గొంగళి కప్పుకుని ఆ పొలంలోనే పడుకుంటాడు. పొలం అతనిది కాదు. రేపు ఇంకో పొలం, ఎల్లుండి ఇంకో ఊరు. కానీ పొద్దున అతను మందను లేపుకుని పోయేసరికి ఆ నేలకు ఎరువు మిగులుతుంది. అందుకే రైతు అతన్ని తరమడు సరికదా, పిలిచి గింజలో డబ్బో ఇచ్చి మరీ మందను పెట్టించుకుంటాడు. ఒక్క రాత్రి ఉండి పోయేవాడు ఆ చోటును మునుపటికన్నా మెరుగుగా వదలడం సాధ్యమేనని మన కాపరులు ఎన్నో తరాలుగా చూపిస్తున్నారు.

ఇంకో సంగతి గమనించండి. యూదులకు ప్రభువు గుడారాల పండుగ నియమించాడు. సొంత ఇళ్ళున్నవాళ్ళు కూడా ఏటా ఏడు రోజులు కొమ్మలతో వేసిన పందిళ్ళలో ఉండాలి. తమ పూర్వులు ఎడారిలో గుడారాల్లో బతికారని తరతరాలూ మరచిపోకూడదని ఆ నియమం. క్రీస్తునాథుని కాలంలో ఆ పండుగ రోజుల్లో సిలోయము కోనేటి నుంచి నీళ్ళు తెచ్చి బలిపీఠం దగ్గర పోసేవారు. ఆ పండుగ చివరి దినానే క్రీస్తునాథుడు నిలబడి, దప్పిగొన్నవారంతా తన దగ్గరికి రావాలని ఎలుగెత్తి పిలిచాడు. గుడారమూ దప్పికా ఒకే పండుగలో కలిశాయి. భూమి తనదేననీ, మనుషులు తన దగ్గర ఉంటున్న పరదేశులేననీ లేవీయకాండంలో దేవుడు చెప్పాడు. అంటే పట్టాదారు పుస్తకం ఉన్న మనం కూడా ఒక్క రాత్రి అతిథులమే. మన రాత్రి అరవై డెబ్బై ఏళ్ళు సాగుతుంది, అంతే తేడా.

అలాగైతే ఈ రాత్రి మనం తాగుతున్న నీళ్ళ సంగతి చూద్దాం.

పెన్న ఇసుకలో చెలమ తవ్వి నీళ్ళు తోడడం పెద్దవాళ్ళకు బాగా తెలుసు. చెలమలో నీరు మెల్లగా ఊరుతుంది. ఒకరు బిందె నింపుకుంటే చెలమ అడుగంటుతుంది. రెండోవారు అక్కడే నిలబడి ఊట కోసం కాచుకుంటారు. నేనెంత తోడానో, నా వెనకవారు ఎంతసేపు కాచుకున్నారో ఇద్దరికీ కంటికి కనిపిస్తుంది. అందుకే చెలమ దగ్గర జగడాలు వచ్చినా, మర్యాద కూడా ఉండేది.

బోరు దగ్గర అలా కాదు. మన జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. కింద చాలాచోట్ల నల్లరాయి, గట్టి బండ. ఆ బండ పగుళ్ళలో చేరిన వాన నీరే మన బోరు నీరు. ఒకరి చేను కింది పగులు ఇంకొకరి చేను కిందికి పోతుంది, గట్టు దగ్గర ఆగదు. నేను ఇంకా లోతుకు వేయిస్తే, పక్క చేనిలో మోటారు గాలి లాగుతుంది. నా తొట్టిలో పడుతున్న నీళ్ళు కనిపిస్తాయి కానీ, అక్కడ ఎండిన గొట్టం నాకు కనిపించదు. నా తర్వాత ఈ నేల మీదికి వచ్చే పిల్లలు అసలే కనిపించరు. అడిగేవాడు లేని ద్వీపంలో మకాం వేసినవాడి స్థితే బోరు ముందు నిలబడిన మనది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, అది తేలిగ్గా తోసేయదగినది కాదు. పదేళ్ళు పెంచిన చీనీ తోట కళ్ళ ముందు ఎండిపోతుంటే, అప్పు నెత్తిన ఉన్న రైతు రాత్రికి రాత్రే బోరు బండి పిలిపిస్తాడు. అతనికి నీతులు చెప్పడానికి మనమెవరం? నిజమే. ఆపదలో ఉన్నవాణ్ణి అత్యాశాపరుడని అనడం అన్యాయం. కచ్చతీవు చుట్టూ ఉన్న సముద్రంలోనూ ఇదే కథ జరుగుతోంది. మన వైపు మరపడవలు అడుగు దాకా దించిన వలలతో సముద్రపు నేలను ఊడ్చేస్తున్నాయని, తమకు చేప మిగలడం లేదని యాఫ్నా జాలరులు మొరపెట్టుకుంటారు. అలా అడుగు వలలతో వేటాడడాన్ని శ్రీలంక 2017లో చట్టం చేసి నిషేధించింది. మన జాలరులకూ అప్పులున్నాయి, పిల్లలున్నారు, పట్టుబడితే పరాయి జైలు ఉంది. తమవారిని జైళ్ళలో పెట్టారన్న నిరసనతో 2024లో రామేశ్వరం జాలరులు పునీత అంతోనివారి పండుగకే వెళ్ళలేదు. ఒకే బలిపీఠం ముందు మోకరించేవాళ్ళు ఒకే నీటి దగ్గర విడిపోయారు. ఇద్దరిలో ఎవరూ దుర్మార్గులు కారు. దుర్మార్గులు లేకుండానే ఇంత కీడు జరుగుతోంది. మనం ఆలోచించవలసింది దీని గురించే.

కాబట్టి బోరు వేసిన రైతును నిందించడం మన పని కాదు. అవసరం అతనికి నీళ్ళ మీద హక్కు ఇస్తుంది. కానీ ఆ అవసరమే పక్క చేనివాడికీ అదే హక్కు ఇస్తుంది. ఈ లోక సంపదను దేవుడు అందరి కోసం ఇచ్చాడని శ్రీసభ ఎప్పటినుంచో బోధిస్తోంది. తాగునీరు ప్రతి మనిషికీ ఉన్న మౌలికమైన హక్కు అని పోపు ఫ్రాన్సిస్‌గారు 2015లో తమ విశ్వలేఖ లౌదాతో సీలో స్పష్టంగా చెప్పారు. ముందు మనుషుల దప్పిక, తర్వాత పశువుల దప్పిక, ఆ తర్వాత పైరు అన్న వరుస మన పల్లెల్లో ఎవరూ రాయకుండానే ఉన్న న్యాయం. అందరి అవసరమూ సమానమైనప్పుడు చెడు జరిగేది ఎక్కడ? ఒకరినొకరు అడక్కుండా, చీకట్లో, ఒంటరిగా నిర్ణయం తీసుకునే దగ్గర.

కంటికి కనిపించనిదాన్ని కనిపించేలా చేసుకోవచ్చని మన జిల్లా రైతులే చూపించారు. 2003 తర్వాతి ఏళ్ళలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురం సహా ఏడు జిల్లాల్లో ఒక పథకం నడిచింది. పల్లెల్లో రైతులు, వాళ్ళలో ఆడవాళ్ళు కూడా, తామే వాన కొలిచారు, బోరుల్లో నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు అందరూ కూర్చుని భూమిలో ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత పడుతుంది అని లెక్క వేసుకున్నారు. ఏ పంట వేయాలో ఎవరూ ఆజ్ఞాపించలేదు. లెక్క చూసి ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. చెలమ దగ్గర కంటితో చూసినదాన్ని వాళ్ళు బోరు దగ్గర లెక్కతో చూశారు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి. కానీ చట్టం ఒక కాగితం అడుగుతుంది. పొరుగువాణ్ణి అడగమని చెప్పేది మనస్సాక్షి.

2012 నుంచి హంద్రీ–నీవా కాలువలో కృష్ణా నీళ్ళు జిల్లాకు వస్తున్నాయి కదా, ఇక ఈ ప్రశ్న ఎందుకని కొందరు అనవచ్చు. ఆ నీళ్ళు శ్రీశైలం జలాశయం నుంచి వస్తున్నాయి. ఆ జలాశయం కింద ఎన్నో పల్లెలు, పొలాలు, సమాధులు మునిగి ఉన్నాయి. ఆ పల్లెలవాళ్ళు ఇల్లు వదిలితేనే మన గొంతు తడిసింది. కాలువ నీళ్ళు తాగినా మనం ఎవరో ఒకరి అతిథులమే.

ప్రియ పాఠకులారా, ఈ వారం ఒక చిన్న పని చేయండి. మీకు బోరు ఉంటే, చుట్టుపక్కల బోరులు ఎవరివి, వాటిలో ఎన్నింటికి నీళ్ళు ఉన్నాయి, ఎన్ని ఎండాయి అని అడిగి తెలుసుకోండి. అడగడానికి గట్టు దాటి పోండి. బోరు లేకపోతే, మీ వీధిలో కొళాయి చివరన ఉన్న ఇంటికి నీళ్ళు ఎన్ని గంటలకు చేరుతున్నాయో కనుక్కోండి. విచారణ సంఘాల పెద్దలు ఆదివారం పూజ తర్వాత పది నిమిషాలు ఈ లెక్క చెప్పుకోవడానికి వీలు కల్పించండి. తెలిసిన తర్వాత ఏం చేయాలో మీకు ఎవరూ నేర్పనక్కరలేదు. దప్పిగొన్నవాడు ఎవరో తెలిశాక నీళ్ళు ఇవ్వని ఇల్లు మన సీమలో తక్కువ.

పౌలుగారు మాల్టాలో ఉన్నది ఒక చలికాలమే. ఆయన పడవెక్కే నాడు ఆ ద్వీపవాసులు కావలసిన సరుకులన్నీ ఇచ్చి మరీ సాగనంపారు. మనం ఈ నేలను విడిచే నాడు మనల్ని అలా సాగనంపడానికి మన తర్వాతివారికి ఏదైనా కారణం మిగల్చాలి.