కిటికీలోనుండి కనబడిన కాపురము



ఆదికాండము 26వ అధ్యాయము మన సంఘములలో ఎక్కువగా బావులను గూర్చి ప్రసంగించుటకే వాడబడుచున్నది. ఏశెకు, శిత్నా, రహెబోతు అను పేర్లు ఆదివారపు బడి పిల్లలు కూడ చెప్పగలరు. అయితే ఆ బావులకు ముందుగా, ఎనిమిదవ వచనములో, ఒక కిటికీ ఉన్నది. దానిని మనము తొందరగా దాటిపోవుచున్నాము. కుటుంబ ప్రార్థనలో ఆ వచనము వచ్చినప్పుడు కొందరు పెద్దలు ఒకసారి దగ్గి, తరువాతి వచనమునకు పోవుట మేము చూచియున్నాము.

సంగతి ఇది. దేశములో కరవు వచ్చెను. ఇస్సాకు ఐగుప్తునకు పోవలెనని చూడగా దేవుడు వద్దని ఆపి, అక్కడనే పరవాసిగా ఉండుమని చెప్పెను. అతడు గెరారులో ఫిలిష్తీయుల మధ్య కాపురముండెను. పరాయి ఊరు, పరాయి భాష. భార్య అందగత్తె గనుక ఆమెనుబట్టి తన్ను చంపుదురేమోనని భయపడి, ఆమె తన చెల్లెలని ఊరివారితో చెప్పెను. చాల దినములు అట్లే గడిచెను. ఒకనాడు రాజైన అబీమెలెకు కిటికీలోనుండి చూడగా ఇస్సాకు రిబ్కాతో నవ్వుచు సరసముగా నుండెను. రాజునకు వేరే సాక్ష్యము కావలసి రాలేదు. ఆ నవ్వు చూచియే వీరు భార్యాభర్తలని తెలిసికొనెను.

ఇస్సాకు అను పేరునకు హెబ్రీలో నవ్వు అని అర్థము. ఆ వచనములో అతడు చేసిన పనికి వాడిన మాట కూడ అదే ధాతువునుండి వచ్చినదే. మరియొక సంగతి గమనించుడి. అతడు పెండ్లి చేసికొనునప్పటికి నలువది ఏండ్లవాడు. కవలలు పుట్టునప్పటికి అరువది ఏండ్లవాడు. అధ్యాయముల వరుసనుబట్టి చూచిన యెడల కిటికీలో కనబడినది క్రొత్త జంట కాదు. ఇరువది ఏండ్లకు పైబడిన కాపురము. కరవు చూచిన కాపురము.

ఇస్సాకు భయముచేత భార్యను చెల్లెలనెను. మన దంపతులు నోటితో అట్లు చెప్పరు గాని నడతలో చెప్పుచున్నారు. గుడికి వచ్చునప్పుడు భర్త పది అడుగులు ముందు, భార్య వెనుక. గుడిలో ఆయన మగవారి వైపు, ఆమె ఆడవారి వైపు. ఇంటికి పోయిన తరువాత మాటలేమనగా బియ్యము, అద్దె, పిల్ల పెండ్లి, పిల్లవాని ఉద్యోగము. మన పెద్దలు గనులకు, మిల్లులకు, రైలు వర్కుషాపులకు బ్రతుకుదెరువునకై వచ్చినవారు. నిలబడుటకే ఒక తరము పట్టెను. నవ్వుటకు తీరిక ఎక్కడిది? ఇది వారి తప్పని మేము అనము. అయితే తీరిక దొరికిన తరువాత కూడ ఆ అలవాటు విడువకుండుట తగదని చెప్పుచున్నాము.

కోలారు బంగారు గనుల సంఘములోని ఒక దంపతుల సంగతి ఇక్కడ వ్రాయుచున్నాము. ఆ తల్లి స్త్రీల సమాజములో తానే చెప్పినది గనుకను, వారిద్దరును ఒప్పుకొనిరి గనుకను వ్రాయుచున్నాము. పేర్లు అక్కరలేదు. ఆమె ఆయనకు అక్క కూతురు, 1980లో పెండ్లి. ఆయన గనిలో లోపలి పని. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడగా, అక్కడి వేలమందివలెనే ఆయనయు తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరులో కావలి పనికి పోయి రాత్రి ఇల్లు చేరుచుండెను. ఆ పనియు మానుకొని ఇప్పుడు కొన్ని ఏండ్లాయెను.

2025 మే నెలలో పెండ్లియై 45 ఏండ్లు నిండిన దినమున ఉదయము ఆయన టీ గ్లాసు క్రింద పెట్టి, "ఏమ్మే, బెంగుళూరుకు పోదాం, చీర మార్చుకో" అనెనట. ఆమె అడిగిన మొదటి మాట ఏమో చూడుడి. "ఎవరికి బాగలేదు మామా?"

సహోదరులారా, ఈ ప్రశ్న వినినప్పుడు స్త్రీల సమాజములో అందరును నవ్విరట. మేము నవ్వలేకపోతిమి. నలుబదియైదు ఏండ్లలో ఆమె రైలెక్కినది ఆసుపత్రికి, చావునకు, పెండ్లికి. ఊరకనే పోవుట అనునది ఆమె లెక్కలో లేదు. ఎవరికినీ ఏమియు కాలేదని నమ్మించుటకే ఆయనకు పావుగంట పట్టెనట. బియ్యము అప్పటికే నానబోసి యున్నది. దానిని ప్రక్కింటి ఆమెకు ఒప్పగించి, మారికుప్పములో రైలెక్కిరి.

బెంగుళూరులో దిగి లాల్‌బాగునకు మెట్రోలో పోవలెనని ఆయన ఉద్దేశము. స్టేషనులో కదిలే మెట్లు వచ్చెను. గనిలో కేజి ఎక్కి వేల అడుగులు క్రిందికి దిగిన మనిషి ఆ మెట్ల ముందు నిలిచిపోయెను. ఆమెయు నిలిచిపోయెను. వెనుకనున్నవారు తొందరపెట్టగా ఇద్దరును ఒకరి చేయి ఒకరు పట్టుకొని ఎక్కిరట. వీధిలో ఆయన తన చేయి పట్టుకొనుట అదే మొదటిసారియని ఆమె చెప్పినది. దిగిన తరువాత కూడ విడువలేదా అని ఎవరో అడుగగా, ఆమె జవాబు చెప్పలేదట.

లాల్‌బాగులో 1889లో పునాది వేసిన గాజు మేడ ఉన్నది. దానిని చూచి, చట్నీ నీళ్ళవలె నున్నదని ఆమె సణుగుచుండగా ఇడ్లీ తిని, అక్కడనున్న పెద్ద బండ ఎక్కిరి. కెంపెగౌడ గోపురము ఉన్నది ఆ బండమీదనే. అది సుమారు 300 కోట్ల సంవత్సరముల నాటి రాయియని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆయన అరచేయి దానిమీద పెట్టి చాలసేపు ఊరకుండి, తరువాత గనిలోని రాతిని గూర్చి చెప్పసాగెను. లోతున ఒత్తిడికి బండ ఒక్కసారిగా పగులుట, దానిని రాక్ బరస్టు అందురు, చీకటిలో ఆ శబ్దము, తన ప్రక్కన పని చేయుచు తిరిగి పైకి రాని ఒక స్నేహితుడు. ఇవేవియు ఆయన ఇంటిలో ఎన్నడును చెప్పలేదు.

ఆమె విని, "అప్పుడు పైన ఇండ్లు కూడా అదిరేవి మామా. గూట్లో గిన్నెలు కదిలితే నేను పొయ్యి ఆర్పేసి, బిడ్డను చంకనేసుకొని గుమ్మంలో నిలబడేదాన్ని, నువ్వు మలుపు తిరిగి కనబడేదాకా" అన్నది.

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వు చెప్తివా?"

ఇరువది ఏండ్లకు పైగా ఒకడు నేల క్రింద భయపడెను, ఒకతె నేల మీద భయపడెను. ఒకే పొయ్యి, ఒకే ప్రార్థన, ఒకే కంచములో పిల్లలు. అయినను ఈ రెండు భయములు ఒకదాని నొకటి కలిసికొనుటకు ఒక పనిలేని మధ్యాహ్నము కావలసి వచ్చెను. ఇంటిలో ఉన్నట్లయితే ఎవరో ఒకరు తలుపు తట్టియుందురు. మార్కు 6:31లో ప్రభువు శిష్యులను అరణ్య ప్రదేశమునకు పోయి అలసట తీర్చుకొనుమని పిలుచుటకు కారణమేమి? వచ్చిపోవువారు అనేకులైనందున భోజనమునకైనను వారికి సమయము లేదు గనుకనే. మన ఇండ్లును అట్టివే.

కొందరు సణిగిరి. నలుబదియైదు ఏండ్లయినప్పుడు పాస్టరుగారిని పిలిచి, కృతజ్ఞతా కూడిక పెట్టి, పదిమందికి అన్నము పెట్టవలసినది పోయి, పడుచువారివలె తోటలో తిరుగుటయా అని. కృతజ్ఞతా కూడిక మంచిదే. మేమును అట్టి కూడికలలో ఎన్నియో సార్లు వాక్యము చెప్పి భోజనము చేసినవారమే. అయితే ఆ దినమున దండ వేయించుకొనిన తల్లిని చూడుడి. రాత్రి మూడు గంటలనుండి ఉల్లిపాయలు కోసిన కండ్లు అవి. భర్తతో ఒక్క మాట మాటలాడుటకు ఆమెకు వీలుండదు. ధర్మశాస్త్రము క్రొత్తగా పెండ్లియైనవానికి ఒక సంవత్సరము యుద్ధసేవనుండి సెలవిచ్చి, భార్యను సంతోషపెట్టుమనెను (ద్వితీ. 24:5). పాత పెండ్లికి అట్టి సెలవు ఎవరును వ్రాసి ఇయ్యలేదు. అది మనమే తీసికొనవలెను. దానికి హాలు అక్కరలేదు, కార్డులు అక్కరలేదు. రైలు టిక్కెట్టు చాలును.

జతను కోల్పోయినవారు ఈ మాటలు చదివి నొచ్చుకొందురేమోనని మాకు తెలియును. ఆ సంఘములోని ఇద్దరు విధవరాండ్రు ఆ తల్లి సాక్ష్యము విని, మాకెవరున్నారు అని కన్నీరు పెట్టుకొనిరట. ఆమె ఊరకుండలేదు. ఆగస్టులో స్వాతంత్ర్య దినపు పూల ప్రదర్శన జరుగునప్పుడు వారిద్దరిని తానే వెంటబెట్టుకొని పోయినది. మామ టిక్కెట్లు కొనుటకు, సంచులు మోయుటకు. కదిలే మెట్ల దగ్గర మాత్రము ఆమెయే అందరికంటె ముందు కాలు పెట్టినదట.