పటం వెనక రాసే మాట

బతికుండగా ఒక్కసారి కూడా కలిసి ఫోటో దిగని ఆలుమగలను, ఇద్దరూ పోయాక ఒకే పటంలో పక్కపక్కన కూర్చోబెడితే అది అబద్ధమవుతుందా? జొన్నగిరిలో ఫోటో స్టూడియో నడుపుతున్న నన్ను ఏళ్లుగా పట్టుకున్న ప్రశ్న ఇది.

"మా నాయన పక్కన మా యమ్మను కూసోబెట్టన్నా" అంటూ కొడుకులు వస్తారు. నాయనది ఉపాధి హామీ కార్డు కోసం గుమ్మంలో తీసిన ఫోటో. అమ్మది ఓటరు కార్డు మీది చిన్న ముక్క. ఆదోని, ఎమ్మిగనూరు వైపు పల్లెల్లో వానలు తప్పితే గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. అలాంటి బతుకుల్లో కలిసి ఫోటో దిగే తీరిక ఎంతమందికి దొరికింది?

నాయన ముఖం మీద ఎండ ఎడమ నుంచి పడుతుంది. అమ్మ ముఖం మీద ఫ్లాష్ ఎదురుగా కొట్టి నీడే లేకుండా చేసింది. ఫోటోషాప్‌లో ఆమెను వేరే లేయర్‌లో పెట్టి, మాస్కుతో జుట్టు అంచులు ఓపికగా విడదీసి, ఆయన మీద పడిన ఎండను బట్టి ఆమె చెంపకు నీడ దిద్దుతాను. ఆమె చూపు అవతలికి ఉంటే బొమ్మను తిప్పేయడం తేలిక. కానీ పైట కుడి భుజం మీదికి పోతుంది, ముక్కుపుడక పక్క మారుతుంది. కొడుకు గమనించకపోయినా కూతురు చూడగానే "ఈమె మా యమ్మ కాదు" అంటుంది. అందుకే వెలుగునీడలు దిద్దుతాను గానీ మనిషి జోలికి పోను.

మా ఊరికి దగ్గర్లోనే ఎర్రగుడి గుండ్ల మీద క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలున్నాయి. తల్లిదండ్రులను సేవించాలనీ, సత్యం పలకాలనీ అక్కడి లఘు శాసనం రెండూ కలిపే చెబుతుంది. పటం అడిగే కొడుకు మొదటి ధర్మాన్ని పాటిస్తున్నాడు. రెండోదాని బరువు నా మీద పడుతుంది.

ఈ చిక్కులో నాకు దారి చూపినవాడు అన్నంభట్టు. 17వ శతాబ్దపు ఈ తెలుగు పండితుడు తర్కసంగ్రహంలో జ్ఞానాన్ని స్మృతి, అనుభవం అని రెండుగా విడదీశాడు. యథార్థమైన అనుభవమే ప్రమ. స్మృతి ఎంత ఆప్యాయమైనదైనా ఆ లెక్కలోకి రాదు. కొడుకు అడిగే పటం స్మృతి. అందులో ఇద్దరూ నిజం, వాళ్ల సంసారం నిజం, కలిసి కూర్చున్న ఆ ఘడియ మాత్రం జరగలేదు. గోడకు తగిలించి దండ వేసినంతవరకూ అది ఎవరినీ మోసగించదు. దాన్నే సాక్ష్యంగా నిలబెడితే మోసం మొదలవుతుంది. పొలం తగాదాలో బంధుత్వం చూపించుకోవడానికి, పోయిన పెద్దాయన పక్కన తనను చేర్చమని ఒకాయన అడిగాడు. చేయనన్నాను.

ఇలాంటి మోసం కొత్తదేమీ కాదు. 1860లలో అమెరికాలో విలియం మమ్లర్ అనే ఫోటోగ్రాఫర్, పోయినవాళ్ల ఆత్మలు తన ఫోటోల్లో పడుతున్నాయని చెప్పి, దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గర డబ్బు తీసుకున్నాడు. 1869లో న్యూయార్క్‌లో విచారణ జరిగినా, రుజువు చాలక బయటపడ్డాడు. బొమ్మలు కలిపిన సంగతి దాచి, కనబడేది ప్రత్యక్షమని నమ్మించడమే అతని పాపమని నేననుకుంటాను.

అయితే మమ్లర్ లాగా నేను దాచలేదు కదా అనుకున్నా మనసు కుదుటపడదు. అడిగి చేయించుకున్న కొడుకుకు అతుకు సంగతి తెలుసు. ముప్పై ఏళ్ల తర్వాత మనవడికి తెలియదు. ఎవరూ అబద్ధం ఆడకుండానే స్మృతి ప్రమాణమై కూర్చుంటుంది. అందుకే పటం కట్టేముందు వెనక అట్ట మీద రాస్తాను: రెండు ఫోటోలు కలిపి చేసిన పటమని, ఏది ఎప్పటిదో, ఎవరు చేయించారో.

"ఆ రాత ఎందుకన్నా, నిజంగానే కూసున్నట్టు ఉండనీ" అని బతిమాలినవాళ్లున్నారు. వాళ్ల బాధ తెలుసు. అయినా రాస్తాను. రాయకపోతే, తాత, అవ్వ తీరిగ్గా కూర్చుని ఫోటో దిగారని మనవడు అనుకుంటాడు. రాస్తే, వాళ్లకు ఆ తీరిక ఎన్నడూ దొరకలేదనీ, ఆ లోటు ఓర్చుకోలేక తన నాయన రెండు ముక్కలు చేతబట్టుకుని స్టూడియోకు వచ్చాడనీ తెలుస్తుంది. ఆ ఇంటివాళ్ల ప్రేమ గురించి తెలుసుకోవలసిన నిజం అదే. ఇప్పుడు ఈ పని ఫోన్లలోనే చిటికెలో అయిపోతోంది. చేసుకునేవాళ్లను వద్దనను, వెనక ఆ మాట రాయమని మాత్రం అడుగుతాను.