ఎత్తునకు పట్టు కాలము

కృష్ణగిరినుండి శూళగిరి మీదుగా హోసూరునకు వచ్చువారికి గాలి చల్లబడుట తెలియునేగాని ఎత్తెక్కిన సంగతి తెలియదు. సముద్రమట్టమునకు సుమారు మూడువేల అడుగుల పైనున్న పీఠభూమిపై పుట్టి పెరిగి, దానినే సమతలమని నమ్మియుండు మాబోటివారు, సెలవులు కుదిరినంతనే దేవనహళ్లిలో విమానమెక్కి, ఢిల్లీలో మారి, ఖాట్మండులో దిగి, అటనుండి పొఖరాకును, పొఖరానుండి జోమ్సోమునకును చిన్న విమానములలో ఎగిరి, ముక్తినాథుని సేవించి రావలెనని ఉబలాటపడుదురు. 108 దివ్యదేశములలో సాలగ్రామక్షేత్రముగా లెక్కకు వచ్చు ఆ కోవెల సుమారు 3,700 మీటర్ల యెత్తున నున్నది. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒకటేయని వీడ్కోలు పలికిన కుటుంబములనుండి నేడు మోకాళ్ల నొప్పుల ముదుసళ్లు సైతము అంత దూరము పోయివచ్చుచుండుట విమానము చేసిన మేలు. దానిని తక్కువచేసి మాటలాడుట నాకు సమ్మతము కాదు.

అయినను వేగమునకు అలవికాని పని యొకటి కలదని ఆ యాత్రలోనే నాకు బోధపడినది. పొఖరా యెత్తు ఇంచుమించు హోసూరు యెత్తే యగుటచేత అచట దేహమునకు పరాయితనము తోచలేదు. మధ్యాహ్నమునకు గాలి విజృంభించునని ఉదయముననే బయలుదేరదీయు చిన్న విమానము, అన్నపూర్ణా ధవళగిరుల నడిమి కనుమగుండ దూరి, ఇరువది నిమిషములంతలో జోమ్సోమున దింపినది. అటుపిమ్మట జీపు, దాని తరువాత మెట్లు. గాలిలో ప్రాణవాయువు పాలు అక్కడను మారదు. పీడనము మాత్రము కడలియొడ్డున నున్నదానిలో మూడింట రెండుపాళ్లకు పడిపోవును. ఊపిరి త్వరపడును, గుండె తొందరించును. నెత్తురు ఆ గాలికి అలవడుటకు మాత్రము దినములు, వారములు పట్టును. మెట్లకడ కృష్ణగిరివైపు పెద్దమ్మ యొకతె చతికిలబడి, ముందుకురుకుచున్న కొడుకును కేకవేసి, “నిదానంగా పోప్పా, సామి యాడికీ పోడు” అనినది. వైద్యుడైనను అంతకుమించి చెప్పగలిగినది స్వల్పము.

ఆ లోయలో పారు కాళీగండకియే మన పూజామందిరములలోని సాలగ్రామములకు పుట్టినిల్లు. నల్లని నున్నని గుండు. పగిలినచోట లోపలికి చుట్టుకొనిపోవు వలయము, దానికి అడ్డముగా సన్నని కణుపులు. భక్తునకది చక్రము, భూశాస్త్రజ్ఞునకు అమ్మోనైటను సముద్రప్రాణి శిలారూపము. సుమారు 15 కోట్ల యేండ్లనాడు టెథిస్ సాగరమున నీదిన జీవి యది. భారతభూఖండము ఉత్తరమునకు జరిగి, సుమారు 5 కోట్ల యేండ్ల క్రిందట ఆసియాను ఒరసికొన్న నాటినుండి ఆ కడలి అడుగు మడతలుపడి, పైకిలేచి, హిమవంతమైనది. ఈ రెండు మాటలకును నాకు వైరము కనబడదు. పాలకడలిపై పవళించువానికి కడలిప్రాణియే రూపమగుట ఉచితముగనే యున్నది.

ఎత్తును మనము స్థలమునకు చెందిన కొలతగా మాత్రమే నేర్చితిమి. అది కాలమునకు తీర్పవలసిన ఋణము కూడ. విమానము ఆ ఋణమును మాపదు, వాయిదా వేయును. కనుక మావైపునుండి పోవువారు దర్శనమైననాడే తిరుగు విమానము పట్టవలెనను పంతము విడిచి, పోవునప్పుడు జోమ్సోమున ఒక రాత్రి యధికముగ నిలుచుట మేలు. ఆ రాత్రి దండుగయని తలచువారు, తాము నిత్యము అభిషేకించు రాయి పైకి వచ్చుటకు పట్టిన కాలమంతయు దండుగయే యని ఒప్పుకొనవలసివచ్చును.