రోజుకొక అక్షరం



రమజాన్‌లో ఎంతో ఉత్సాహంతో అరబీ ఖాయిదా చేతబడతాం. షవ్వాల్ ముగిసేసరికి అది అలమారా ఎక్కుతుంది. జవహర్‌నగర్‌లో పొద్దున్నే పనికి బయలుదేరి, ఇషా వేళకు ఇల్లు చేరే మనకు తీరిక తక్కువన్న మాట నిజమే. అయితే అంతకంటే పెద్ద అడ్డంకి బిడియం. గడగడా చదివే పిల్లల ముందు తడబడటానికి సిగ్గుపడుతున్నాం.

దివ్య ఖుర్ఆన్ ఒక్కసారిగా కాక, 23 సంవత్సరాల్లో కొద్దికొద్దిగా అవతరించింది. దైవప్రవక్త (స) హృదయానికి స్థైర్యం కలిగించడానికే అలా జరిగిందని అల్ ఫుర్ఖాన్ సూరా 32వ ఆయత్ తెలుపుతోంది. తడబడుతూ, కష్టపడి పారాయణం చేసేవారికి రెండింతల పుణ్యం ఉందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. కొద్దిపాటిదైనా నిత్యం చేసే ఆచరణే అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదని బోధించారు.

అరబీ అక్షరాలు 28. ఫజ్ర్ నమాజు తర్వాత రోజుకొకటి నేర్చుకుంటే నెల తిరక్కుండానే పూర్తవుతాయి. రాత్రి ఆ పాఠాన్ని మన పిల్లలకే అప్పజెబుదాం. ఒక రోజు తప్పితే మరునాడు అక్కడి నుంచే మొదలుపెడదాం.

జ్ఞానాన్ని అధికం చేయమని వేడుకోవలసిందిగా అల్లాహ్ తన ప్రవక్త (స)కే నేర్పాడు. ఇక మనకు సిగ్గెందుకు? అల్లాహ్ మనందరికీ ఆ భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.